ద్విలోహ మిశ్రమాల అధికోష్ణ ఆక్సీకరణం

రెండు లోహాలు కలిసిన మిశ్రమలోహం అధిక ఉష్ణోగ్రత వద్ద గాలి, నీటి ఆవిరి లేదా దహన వాయువులలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి, తన ఉపరితలంపైన గాని లోపల గాని ఆక్సైడును ఏర్పరచుకోవడాన్ని ద్విలోహ మిశ్రమాల అధికోష్ణ ఆక్సీకరణం అంటారు. ఇత్తడి (రాగి, జింకు), నిక్రోమ్ (నికెల్, క్రోమియం), ఇనుము-క్రోమియం మిశ్రమాలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. ఉష్ణ విద్యుత్ కేంద్రాల బాయిలర్ గొట్టాలు, జెట్ ఇంజన్ల టర్బైన్ రెక్కలు, కొలిమి పరికరాలు, ఇంటిలోని విద్యుత్ హీటరు తీగ మొదలైన వాటి ఆయుష్షును చాలావరకు ఈ చర్యయే నిర్ణయిస్తుంది.

ఎర్రగా కాలే వేడిలో బంగారం, ప్లాటినం వంటి కొద్ది లోహాలు తప్ప మిగిలినవన్నీ ఆక్సీకరణం చెందుతాయి. కాబట్టి వేడిని తట్టుకునే మిశ్రమలోహం అంటే ఆక్సీకరణం చెందని లోహం కాదు. తన రెండు లోహాలలో తగిన దానిని ముందుగా ఆక్సీకరణం చెందించి, ఆ పలుచని ఆక్సైడు పొరనే కవచంగా ధరించే లోహం అని అర్థం. ఆ కవచం ఏర్పడుతుందా లేదా, ఏర్పడితే ఎంతకాలం నిలుస్తుంది అన్నదే ఈ శాస్త్రంలో ముఖ్యమైన ప్రశ్న.

తెలంగాణలోని పూర్వపు వరంగల్, ఖమ్మం జిల్లాల ప్రాంతంలో ఈ విషయానికి చక్కని ఉదాహరణలు కలవు. జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి పనికి, మహబూబాబాద్ జిల్లా బయ్యారం ఇనుప ఖనిజానికి, జయశంకర్ భూపాలపల్లి జిల్లా చెల్పూరు ఉష్ణ విద్యుత్ కేంద్రానికి పేరుపొందినవి. ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. ఈ వ్యాసంలో ముందుగా మూల సూత్రాలను, తరువాత ఈ ప్రాంతపు ఉదాహరణలను వివరించడమైనది.

పదాల వివరణ

ద్విలోహ మిశ్రమం అంటే రెండు లోహాలను కరిగించి కలుపగా ఏర్పడిన ఒకే పదార్థం. ఇస్త్రీ పెట్టెలో వేడిని నియంత్రించే ద్విలోహ పట్టీ వేరు. అందులో రెండు వేర్వేరు లోహపు రేకులు ఒకదానికొకటి అతికి ఉంటాయి గాని కలిసిపోవు.

అధికోష్ణం అనే మాటకు అన్ని లోహాలకూ వర్తించే ఒకే హద్దు లేదు. ఇనుముకు 400 °సె దాటితే ఆక్సీకరణం గణనీయమవుతుంది. నికెల్ మిశ్రమాలు 1000 °సె దాటిన తరువాత కూడా పనిచేయగలవు.

తుప్పు పట్టడానికి, ఈ చర్యకు తేడా ఉంది. తుప్పు సాధారణ ఉష్ణోగ్రత వద్ద తేమ సమక్షంలో జరిగే విద్యుద్రసాయన చర్య. అధికోష్ణ ఆక్సీకరణానికి ద్రవరూపంలోని నీరు అవసరం లేదు. పొడి గాలిలో కూడా ఇది జరుగుతుంది. కమ్మరి కొలిమిలో కాల్చిన ఇనుమును దాగలిపై పెట్టి సమ్మెటతో కొట్టినపుడు రాలిపడే నల్లని పెచ్చులు తుప్పు కాదు, అధిక ఉష్ణోగ్రత వద్ద ఏర్పడిన ఇనుప ఆక్సైడు.

చరిత్ర

లోహకారులకు ఈ విషయం అనుభవంలో ఏనాటినుండో తెలుసు. శాస్త్రీయ అధ్యయనం మాత్రం ఇరవయ్యవ శతాబ్దంలో ఊపందుకున్నది.

1906లో అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్ నికెల్-క్రోమియం తీగకు పేటెంటు పొందాడు. విద్యుత్ హీటర్లు, టోస్టర్లు విస్తరించడానికి ఇదే మూలం. 1913లో ఇంగ్లాండులోని షెఫీల్డులో హారీ బ్రియర్లీ సుమారు 13 శాతం క్రోమియం గల తుప్పు పట్టని ఉక్కును తయారుచేశాడు. 1920లో జర్మనీ శాస్త్రవేత్త గుస్టావ్ టమ్మన్ ఆక్సైడు పొర మందానికి, కాలానికి గల పరావలయ సంబంధాన్ని తెలియజేశాడు. 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ అనువారు లోహపు ఘనపరిమాణాన్ని, దాని ఆక్సైడు ఘనపరిమాణాన్ని పోల్చే నిష్పత్తిని ప్రతిపాదించారు. 1933లో కార్ల్ వాగ్నర్ పరావలయ నియమానికి సైద్ధాంతిక వివరణ ఇచ్చాడు. 1944లో హెరాల్డ్ ఎల్లింగ్‌హామ్ వివిధ ఆక్సైడుల స్థిరత్వాన్ని ఉష్ణోగ్రతతో పోల్చి చూపే పటాన్ని ప్రచురించాడు. 1959లో వాగ్నర్, మిశ్రమలోహంపై రక్షణ పొర ఏర్పడటానికి అవసరమైన కనీస పరిమాణాన్ని లెక్కించే పద్ధతిని చూపాడు. నేటికీ ఈ రంగంలో పాఠం వాగ్నర్ సిద్ధాంతంతోనే మొదలవుతుంది.

శుద్ధ లోహంలో ఆక్సీకరణం

మిశ్రమలోహపు ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి ముందుగా ఒకే లోహం విషయం తెలుసుకోవాలి.

పొర ఏర్పడటం: వేడి లోహపు ఉపరితలంపై ఆక్సిజన్ అణువులు చేరి, పరమాణువులుగా విడిపోయి, లోహంతో కలిసి అతి పలుచని ఆక్సైడు పొరను ఏర్పరుస్తాయి. ఆ పొర లోహాన్ని పూర్తిగా కప్పిన తరువాత లోహానికి, గాలికి నేరుగా సంబంధం తెగిపోతుంది. ఆపైన చర్య కొనసాగాలంటే లోహ అయానులు పొరగుండా వెలుపలికి గాని, ఆక్సిజన్ అయానులు లోపలికి గాని ప్రయాణించాలి. దీనినే వ్యాపనం అంటారు. పొర మందమయ్యే కొద్దీ ప్రయాణించవలసిన దూరం పెరిగి చర్య నెమ్మదిస్తుంది.

పరావలయ నియమం: పొర మందం యొక్క వర్గం కాలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఉదాహరణకు ఒక లోహంపై 100 గంటలలో 10 మైక్రాన్ల పొర ఏర్పడిందనుకొందాం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు). ఈ నియమం ప్రకారం 400 గంటలకు 20 మైక్రాన్లు, 10,000 గంటలకు 100 మైక్రాన్లు మాత్రమే ఏర్పడుతుంది.

రేఖీయ నియమం: పొర పగిలిపోయినా, రాలిపోయినా, ఆవిరైపోయినా లోహానికి రక్షణ ఉండదు. అప్పుడు చర్య ఒకే వేగంతో సాగుతూ ఉంటుంది. పై ఉదాహరణలోని లోహం ఈ నియమాన్ని అనుసరిస్తే 10,000 గంటలకు 1000 మైక్రాన్ల, అనగా ఒక మిల్లీమీటరు మందపు ఆక్సైడు తయారవుతుంది. మొదటి 100 గంటలలో ఒకేలా కనిపించిన రెండు లోహాల మధ్య ఏడాది తరువాత పది రెట్ల తేడా వస్తుందన్నమాట.

సంవర్గమాన నియమం: తక్కువ ఉష్ణోగ్రతల వద్ద, అతి పలుచని పొరల విషయంలో ఇది కనిపిస్తుంది. పొర త్వరగా ఏర్పడి, తరువాత దాదాపుగా ఎదగడం ఆగిపోతుంది.

పిల్లింగ్-బెడ్‌వర్త్ నిష్పత్తి: కొంత లోహం ఆక్సైడుగా మారినపుడు ఆ ఆక్సైడు ఘనపరిమాణాన్ని, ఖర్చయిన లోహపు ఘనపరిమాణంతో భాగించగా వచ్చేది ఈ నిష్పత్తి. ఇది 1 కంటే తక్కువైతే ఆక్సైడు లోహాన్ని పూర్తిగా కప్పలేదు. మెగ్నీషియానికి ఇది 0.81. అల్యూమినియానికి 1.28 కాబట్టి పొర చక్కగా అతుకుతుంది. నికెల్‌కు సుమారు 1.65, క్రోమియానికి సుమారు 2. నిష్పత్తి మరీ ఎక్కువైతే పొరలో ఒత్తిడి పెరిగి పగులుతుంది. నయోబియానికి ఇది సుమారు 2.7. అయితే ఈ నిష్పత్తి ఒక సూచన మాత్రమే. పొర ఎంత గట్టిగా అతికి ఉన్నది, అందులో అయానులు ఎంత వేగంగా కదులుతున్నవి అన్నవి కూడా అంతే ముఖ్యం.

మిశ్రమలోహంలో వచ్చే మార్పులు

రెండవ లోహం చేరగానే మూడు కొత్త ప్రశ్నలు పుడతాయి.

1. రెండింటిలో ఏది ముందు ఆక్సీకరణం చెందుతుంది?

ఏ లోహపు ఆక్సైడు ఎక్కువ స్థిరమైనదో ఆ లోహం ఆక్సిజన్‌ను బలంగా ఆకర్షిస్తుంది. ఎల్లింగ్‌హామ్ పటం ప్రకారం రాగి, నికెల్, ఇనుము, క్రోమియం, అల్యూమినియం అనే వరుసలో ఆక్సైడుల స్థిరత్వం పెరుగుతూ పోతుంది. కాబట్టి నికెల్-క్రోమియం మిశ్రమంలో క్రోమియానికి, నికెల్-అల్యూమినియం మిశ్రమంలో అల్యూమినియానికి ఆక్సీకరణం చెందే మొగ్గు ఎక్కువ. ఒక లోహం మాత్రమే ఎన్నిక చేసినట్లుగా ఆక్సీకరణం చెందడాన్ని వరణాత్మక ఆక్సీకరణం అంటారు.

అయితే మొదటి కొద్ది నిమిషాలలో ఉపరితలం మీద ఉన్న రెండు లోహాల పరమాణువులూ ఆక్సీకరణం చెందుతాయి. ఈ దశను సంక్రమణ దశ అంటారు. ఆ తరువాతనే స్థిరమైన ఆక్సైడు క్రమంగా వ్యాపించి నిరంతరమైన పొరగా మారుతుంది.

2. పొర పైన ఏర్పడుతుందా, లోపల ఏర్పడుతుందా?

చురుకైన లోహం తక్కువగా ఉన్నపుడు అది ఉపరితలానికి చేరేలోపే ఆక్సిజన్ పరమాణువులు మిశ్రమంలోకి చొచ్చుకొని వస్తాయి. అప్పుడు ఆక్సైడు చిన్నచిన్న రేణువులుగా లోహం లోపలనే ఏర్పడుతుంది. దీనిని అంతర ఆక్సీకరణం అంటారు. ఇది రక్షణనివ్వదు, పైగా లోహాన్ని పెళుసుగా మార్చవచ్చు. చురుకైన లోహం తగినంత ఉన్నపుడు అది ఉపరితలానికి సకాలంలో చేరి, రేణువులు ఒకదానితో ఒకటి కలిసి అఖండమైన పొరగా మారుతాయి. ఈ రెండు స్థితుల నడుమ గల హద్దును సందిగ్ధ పరిమాణం అంటారు. ఆక్సిజన్ లోపలికి వచ్చే వేగానికి, చురుకైన లోహం బయటికి వచ్చే వేగానికి మధ్య గల పందెమే ఈ హద్దును నిర్ణయిస్తుంది.

3. పొర ఎంతకాలం నిలుస్తుంది?

పొర ఎదగడానికి చురుకైన లోహం ఖర్చవుతూ ఉంటుంది కాబట్టి, దాని దిగువన మిశ్రమంలో ఆ లోహం తగ్గిపోతుంది. వేడెక్కి చల్లారే ప్రతిసారీ లోహం, ఆక్సైడు వేర్వేరు మేరకు వ్యాకోచించి సంకోచించడం వలన పొర పగిలి పెచ్చులూడిపోతుంది. ఖాళీ అయిన చోట మళ్ళీ పొర ఏర్పడాలంటే మరికొంత చురుకైన లోహం కావాలి. అది సందిగ్ధ పరిమాణం కంటే తగ్గిపోయిన రోజున రెండవ లోహం కూడా ఆక్సీకరణం చెందడం మొదలై, భాగం వేగంగా నశిస్తుంది. నిరంతరంగా వేడిగా ఉండే భాగం కంటే తరచుగా వేడెక్కి చల్లారే భాగం ముందుగా పాడవడానికి ఇదే కారణం.

ముఖ్యమైన మిశ్రమాలు

నికెల్-క్రోమియం: శుద్ధ నికెల్‌పై నికెల్ ఆక్సైడు పొర నిదానంగా ఎదుగుతుంది. దానికి కొద్ది శాతం క్రోమియం కలిపితే ఆక్సీకరణం తగ్గవలసింది పోయి పెరుగుతుంది. నికెల్ ఆక్సైడు స్ఫటికంలో రెండు ధనావేశాలు గల నికెల్ అయాను స్థానంలో మూడు ధనావేశాలు గల క్రోమియం అయాను చేరినపుడు, ఆవేశాల సమతౌల్యం కోసం కొన్ని అయాను స్థానాలు ఖాళీగా మిగులుతాయి. ఆ ఖాళీల గుండా నికెల్ అయానులు మరింత సులభంగా కదులుతాయి. క్రోమియం సుమారు 20 శాతానికి చేరినపుడు మాత్రం పూర్తి క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడి చర్యావేగం బాగా పడిపోతుంది. 80 శాతం నికెల్, 20 శాతం క్రోమియం గల నిక్రోమ్ తీగ సుమారు 1200 °సె వరకు పనిచేయడానికి ఈ పొరయే కారణం. పాఠశాల ప్రయోగశాలలో జ్వాలా పరీక్షకు నిక్రోమ్ తీగను వాడటం విద్యార్థులకు పరిచితమే.

నికెల్-10 శాతం క్రోమియం మిశ్రమాన్ని క్రోమెల్ అంటారు. కొలిమిలో ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్‌లో ఒక తీగ దీనితో తయారవుతుంది. ఆక్సిజన్ చాలా తక్కువగా ఉన్న వాతావరణంలో, సుమారు 800 నుండి 1050 °సె మధ్య ఈ తీగలోని క్రోమియం ఒక్కటే ఆక్సీకరణం చెందుతుంది. తీగ ఆకుపచ్చగా మారి పెళుసెక్కుతుంది. దీనిని ఆకుపచ్చ కుళ్ళు అని పిలుస్తారు. క్రోమియం తగ్గిన తీగ అసలు కంటే తక్కువ ఉష్ణోగ్రతను చూపుతుంది. దానిని నమ్మి వేడి పెంచితే కొలిమిలోని సరుకు పాడవుతుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్నచోట లోహం క్షేమంగా ఉంటుందన్న సాధారణ భావన అన్నివేళలా సరికాదని దీనివలన తెలుస్తుంది.

నికెల్-అల్యూమినియం: అల్యూమినియం ఆక్సైడు పొర క్రోమియం ఆక్సైడు కంటే నెమ్మదిగా ఎదుగుతుంది. క్రోమియం ఆక్సైడు సుమారు 1000 °సె దాటిన తరువాత మరికొంత ఆక్సిజన్‌తో కలిసి ఆవిరిగా మారి పోతుంది. అల్యూమినియం ఆక్సైడుకు ఈ లోపం లేదు. అందుచేత జెట్ ఇంజను టర్బైన్ రెక్కలపై వేసే పూతలలో నికెల్ అల్యూమినైడును ఉపయోగిస్తారు.

రాగి-జింకు: జింకు తక్కువగా ఉన్న ఇత్తడిపై ముఖ్యంగా రాగి ఆక్సైడులు, జింకు సుమారు 20 శాతం దాటినపుడు, వేడి కూడా తగినంత ఉంటే, ముఖ్యంగా జింకు ఆక్సైడు ఏర్పడతాయి. జింకు 907 °సె వద్దనే మరుగుతుంది కాబట్టి ఇత్తడిని అతిగా వేడిచేస్తే జింకు ఆవిరైపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇనుము-క్రోమియం: ఇనుమును 570 °సె పైన వేడిచేస్తే మూడు ఆక్సైడు పొరలు ఏర్పడతాయి. లోహాన్ని ఆనుకొని వుస్టైటు, మధ్యలో మాగ్నటైటు, అన్నిటికంటె పైన హెమటైటు ఉంటాయి. 1000 °సె వద్ద వీటి మందాలు సుమారు 95:4:1 నిష్పత్తిలో ఉంటాయి. వుస్టైటు స్ఫటికంలో ఖాళీ స్థానాలు చాలా ఎక్కువ. అందుచేత 570 °సె దాటగానే ఇనుము వేగంగా ఆక్సీకరణం చెందుతుంది. క్రోమియం కలిపితే వుస్టైటు ఏర్పడే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. క్రోమియం సుమారు 20 శాతానికి చేరితే 1000 °సె వద్ద కూడా క్రోమియం ఆక్సైడు పొర రక్షణనిస్తుంది.

జిర్కోనియం-నయోబియం: 2.5 శాతం నయోబియం గల జిర్కోనియం మిశ్రమాన్ని భారజల అణు రియాక్టర్ల పీడన గొట్టాలకు వాడుతారు. హైదరాబాదులోని అణు ఇంధన సముదాయం ఇటువంటి గొట్టాలను తయారుచేస్తుంది. సుమారు 300 °సె వేడినీటిలో జిర్కోనియం మిశ్రమాలపై పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. ఉష్ణోగ్రత 1200 °సె స్థాయికి పెరిగితే అదే జిర్కోనియం నీటి ఆవిరితో తీవ్రంగా చర్య జరిపి హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా రియాక్టర్ భవనాలలో పేలిన హైడ్రోజన్ ముఖ్యంగా జిర్కోనియం మిశ్రమపు ఇంధన తొడుగులకు, ఆవిరికి మధ్య జరిగిన ఈ చర్య వలననే పుట్టింది.

జనగామ జిల్లా: పెంబర్తి ఇత్తడి

హైదరాబాదు-వరంగల్ రహదారిపై జనగామకు సమీపాన గల పెంబర్తి గ్రామం లోహపు రేకుల నగిషీ పనికి ప్రసిద్ధి. కాకతీయుల కాలం నుండి ఈ కళ వర్ధిల్లిందని చెబుతారు. దేవాలయ వాహనాలు, ధ్వజస్తంభాల తొడుగులు, తోరణాలు, కలశాలు, జ్ఞాపికలు ఇక్కడ తయారవుతాయి. పెంబర్తి లోహపు పనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఇత్తడి రేకును సుత్తితో కొట్టే కొద్దీ అది గట్టిపడి పగుళ్ళు పడే స్థితికి వస్తుంది. దానిని తిరిగి మెత్తబరచడానికి కాల్చవలసి ఉంటుంది. అలా కాల్చిన ప్రతిసారీ రేకు రంగు మారి, నల్లని లేదా మసక పొర కమ్ముకుంటుంది. ఈ వేడి మరీ ఎక్కువ కానందున, కాల్చే సమయమూ తక్కువే అయినందున, జింకు ఉపరితలానికి పూర్తిగా చేరి పొర కట్టే అవకాశం ఉండదు. అందుచేత జింకు ఆక్సైడుతో పాటు నల్లని క్యుప్రిక్ ఆక్సైడు, ఎర్రని క్యుప్రస్ ఆక్సైడు కూడా కలిసి ఏర్పడతాయి. పై విభాగంలో చెప్పిన సంక్రమణ దశ ఇదే.

ఈ ఆక్సైడులు ఆమ్లాలలో కరుగుతాయి. సజల ఆమ్లంతో కడిగితే రేకు మళ్ళీ మెరుస్తుంది. ఇంటిలో ఇత్తడి బిందెను చింతపండుతో తోమడం కూడా ఇటువంటిదే, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆక్సైడును కరిగిస్తుంది. అయితే కడిగిన ప్రతిసారీ ఆక్సైడుగా మారిన లోహం కొంత పోతుంది. పలుచని రేకుపై పనిచేసేవారికి ఇది లెక్కలోకి వచ్చే నష్టమే. అవసరమైన వేడికి మించకుండా, అవసరమైన సమయానికి మించకుండా కాల్చడం ఇందుకే ముఖ్యం. అతుకు పెట్టేటపుడు వాడే వెలిగారం కరిగి గాజు వంటి పూతగా మారి, ఉన్న ఆక్సైడును కరిగించి, కొత్త ఆక్సైడు ఏర్పడకుండా గాలిని అడ్డుకుంటుంది.

ఇత్తడిని కరిగించేటపుడు లేచే తెల్లని పొగ జింకు ఆవిరి గాలిలో ఆక్సీకరణం చెందగా ఏర్పడిన జింకు ఆక్సైడు. దీనిని పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. దీనిని లోహధూమ జ్వరం అంటారు. మూసపై బొగ్గుపొడి కప్పడం, గాలి ధారాళంగా ఆడే చోట పని చేయడం దీనికి నివారణోపాయాలు.

మహబూబాబాద్ జిల్లా: బయ్యారం ఇనుప ఖనిజం

బయ్యారం పరిసరాలలో ఇనుప ఖనిజ నిక్షేపాలు కలవు. ఈ ప్రాంతం 2016కు ముందు ఖమ్మం జిల్లాలో ఉండేది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని పదమూడవ షెడ్యూలు ఖమ్మం జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం స్థాపించే సాధ్యాసాధ్యాలను పరిశీలించవలసిందిగా పేర్కొన్నది.

ఇనుప ఖనిజాలలో ముఖ్యమైన హెమటైటు, మాగ్నటైటు అనేవి కాలిన ఇనుముపై ఏర్పడే పొరలలోని పదార్థాలే. ప్రకృతి ఆక్సిజన్‌తో కలిపి ఉంచిన ఇనుమును కొలిమిలో కర్బనం సాయంతో విడదీస్తాం. అలా ఎంతో శక్తి ఖర్చుచేసి సంపాదించిన ఇనుము వేడి తగలగానే తిరిగి తన పూర్వరూపానికి చేరుకోవాలని చూస్తుంది. ఉక్కు కర్మాగారాలలో ఎర్రని కడ్డీలను, పలకలను సాగదీసేటపుడు రాలే పెచ్చులలో ఇనుము శాతం ఎక్కువ కాబట్టి వాటిని మళ్ళీ ఖనిజంతో పాటు వాడుకుంటారు.

భూపాలపల్లి జిల్లా: బాయిలర్ గొట్టాలు

గణపురం మండలం చెల్పూరు వద్ద గల కాకతీయ ఉష్ణ విద్యుత్ కేంద్రంలో 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010లో, 600 మెగావాట్ల రెండవ యూనిట్ 2016లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించాయి. భూపాలపల్లి ప్రాంతంలో సింగరేణి బొగ్గు గనులు కలవు. ఈ వ్యాసంలో చెప్పిన సూత్రాలన్నీ ఇటువంటి కేంద్రాల బాయిలర్లలో నిత్యం పనిచేస్తూ ఉంటాయి. ఈ కింది వివరణ ఇటువంటి బొగ్గు ఆధారిత కేంద్రాలన్నిటికీ వర్తిస్తుంది.

500 మెగావాట్ల తరగతి బాయిలర్లలో టర్బైనుకు వెళ్ళే ఆవిరి సాధారణంగా సుమారు 540 °సె వద్ద ఉంటుంది. ఆవిరిని మోసే గొట్టపు లోహం అంతకంటే ఎక్కువ వేడిగా ఉంటుంది. గొట్టానికి వెలుపల దహన వాయువులు, బూడిద. లోపల అధిక పీడనంతో ఆవిరి. రెండు వైపులా ఆక్సీకరణం జరుగుతుంది. లోపలి వైపున ఇనుము నీటి ఆవిరిలోని ఆక్సిజన్‌ను గ్రహించి మాగ్నటైటుగా మారుతుంది, హైడ్రోజన్ విడుదలవుతుంది.

తక్కువ వేడి ఉండే భాగాలకు కార్బన్ ఉక్కు, సూపర్ హీటర్ వంటి వేడి భాగాలకు క్రోమియం గల ఉక్కు వాడుతారు. వీటిలో 2.25 శాతం, 9 శాతం, 18 శాతం క్రోమియం గల రకాలు ముఖ్యమైనవి. ఇవి మాలిబ్డినం, నికెల్ వంటి ఇతర లోహాలు కూడా కలిసిన ఉక్కులు కాబట్టి నిక్కచ్చిగా ద్విలోహ మిశ్రమాలు కావు. అయినప్పటికీ వాటి ఆక్సీకరణానికి మూలం ఇనుము-క్రోమియం ద్విలోహ వ్యవస్థయే. 2.25 శాతం రకంలో పూర్తి క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడదు. వెలుపల మాగ్నటైటు, లోపల ఇనుము-క్రోమియం మిశ్రమ ఆక్సైడు అనే రెండు అంతస్తుల పొర ఏర్పడుతుంది. క్రోమియం పెరిగే కొద్దీ రక్షణ పెరుగుతుంది, దానితో పాటు ఖరీదు కూడా పెరుగుతుంది.

లోపలి పొర వలన రెండు రకాల ప్రమాదం ఉంది. మొదటిది, ఆక్సైడు ఉక్కు కంటే చాలా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. పొర మందమయ్యే కొద్దీ గొట్టపు వేడి ఆవిరిలోకి పోవడం కష్టమై లోహం మరింత వేడెక్కుతుంది. వేడెక్కిన లోహంపై పొర మరింత త్వరగా పెరుగుతుంది. చివరకు లోహం మెత్తబడి, నిదానంగా ఉబ్బి, పగిలిపోతుంది. రెండవది, యూనిట్‌ను ఆపి తిరిగి నడిపేటపుడు పొర పెచ్చులూడి గొట్టాల వంపులలో చేరి ఆవిరిని అడ్డగిస్తుంది. ఆవిరితో కొట్టుకుపోయిన పెచ్చులు టర్బైన్ రెక్కలను అరగదీస్తాయి.

ఒక గొట్టం పగిలినా యూనిట్ మొత్తాన్ని ఆపవలసి వస్తుంది. పూర్తి సామర్థ్యంతో నడిచే 500 మెగావాట్ల యూనిట్ ఒక రోజు ఆగితే 1.2 కోట్ల యూనిట్ల విద్యుత్తు ఉత్పత్తి కాదు. మిల్లీమీటరులో కొద్ది వంతు మందం గల పొర వలన ఇంత నష్టం సంభవిస్తుంది. అందుకే వార్షిక మరమ్మతుల సమయంలో అతిధ్వని తరంగాల సాయంతో గొట్టాల లోపలి ఆక్సైడు మందాన్ని కొలిచి, లోహపు సగటు ఉష్ణోగ్రతను, మిగిలిన ఆయుష్షును అంచనా వేస్తారు.

నివారణ పద్ధతులు

1. తగిన మిశ్రమాన్ని ఎన్నుకోవడం: పనిచేసే ఉష్ణోగ్రత వద్ద సందిగ్ధ పరిమాణానికి మించి క్రోమియం లేదా అల్యూమినియం ఉండాలి. పొర పలుమార్లు ఊడినా తిరిగి ఏర్పడేందుకు చాలినంత నిల్వ కూడా ఉండాలి.

2. పూతలు: బలమైన లోహంపై అల్యూమినియం, క్రోమియం గల పూత వేస్తారు. బలం ఒక లోహానిది, రక్షణ మరొక లోహానిది అవుతుంది.

3. అల్పమాత్ర మూలకాలు: యిట్రియం, సీరియం వంటి మూలకాలను అతి స్వల్పంగా చేర్చితే పొర గట్టిగా అతుకుతుంది. ఈ ప్రభావాన్ని గురించిన తొలి పేటెంట్లలో ఒకటి 1937లో ఫైల్ అనే శాస్త్రవేత్త పొందినది.

4. నిర్వహణ: ఉష్ణోగ్రతను హద్దులో ఉంచడం, అనవసరంగా ఆపి నడపకుండా ఉండటం, చల్లార్చేటపుడు నిదానంగా చల్లార్చడం.

5. ఇంధనం: నూనె ఇంధనంలోని వనేడియం కాలి ఏర్పడే ఆక్సైడు 690 °సె వద్దనే కరిగి రక్షణ పొరను కూడా కరిగించివేస్తుంది. అందుచేత ఇంధనంలోని మలినాలను గమనించాలి.

ఉపయోగాలు

ఆక్సీకరణం ఎల్లవేళలా శత్రువు కాదు. వెండి-కాడ్మియం మిశ్రమాన్ని కావాలనే అంతర ఆక్సీకరణం చెందించి విద్యుత్ స్విచ్చుల స్పర్శకాలను తయారుచేసేవారు. కాడ్మియం విషపూరితం కాబట్టి దాని స్థానంలో తగరపు ఆక్సైడు వాడుక పెరిగింది. రాగిలో కొద్దిపాటి అల్యూమినియం కలిపి అంతర ఆక్సీకరణం చెందించగా ఏర్పడే సూక్ష్మ రేణువులు, రాగి విద్యుద్వాహకత పెద్దగా తగ్గకుండానే దానిని వేడిలో దృఢంగా ఉంచుతాయి. వెల్డింగ్ ఎలక్ట్రోడులకు ఇటువంటి రాగిని వాడుతారు. మిశ్రమంలో అక్కడ దోషమైన చర్య ఇక్కడ గుణమైనది.

పరిశీలన, పరిశోధన

ఆక్సీకరణాన్ని కొలవడానికి ప్రధాన సాధనం సున్నితపు త్రాసు. లోహపు ముక్కను కొలిమిలో వ్రేలాడదీసి, కాలంతో పాటు దాని బరువు ఎంత పెరుగుతున్నదో నమోదు చేస్తారు. బరువు పెరుగుదల వర్గాన్ని కాలంతో గ్రాఫు గీయగా సరళరేఖ వస్తే పరావలయ నియమం వర్తిస్తున్నట్లు. గ్రాఫు ఉన్నట్టుండి మలుపు తిరిగితే పొర పగిలిందని గ్రహించవచ్చు. బరువు తగ్గితే పొర రాలుతున్నది లేదా ఆవిరవుతున్నది. తరువాత ముక్కను కోసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పొరలను పరిశీలిస్తారు.

తెలుగు ప్రాంతంలో లోహశాస్త్ర పరిశోధనకు హైదరాబాదు ముఖ్య కేంద్రం. రక్షణ లోహశోధన ప్రయోగశాల 1963లో, అణు ఇంధన సముదాయం 1971లో, మిశ్ర ధాతు నిగమ్ 1973లో స్థాపించబడ్డాయి. మిశ్ర ధాతు నిగమ్ నికెల్ ఆధారిత ఉత్కృష్ట మిశ్రమలోహాలను తయారుచేస్తుంది. వరంగల్‌లోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో లోహశాస్త్ర, పదార్థ ఇంజనీరింగు విభాగం కలదు.

పాఠశాల స్థాయిలో కూడా ఈ చర్యను గమనించవచ్చు. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో రాగి రేకును, నిక్రోమ్ తీగను ఒకే జ్వాలలో కొంతసేపు వేడిచేసి చల్లార్చి వంచి చూడాలి. రాగి రేకుపై నల్లని పొర పెచ్చులుగా రాలుతుంది, దిగువన కొత్త రాగి కనబడుతుంది. నిక్రోమ్ తీగ రంగు మాత్రమే మారుతుంది, ఏమీ రాలదు. రెండూ ఆక్సీకరణం చెందినవే. ఒకదానికి మాత్రమే అతుక్కొని ఉండే పొర లభించింది.